ఇరవై గీత అంటే ఎన్ని యూనిట్లు?

మా చిన్నమ్మది దేవరకొండ దగ్గర పల్లె. షుగర్‌కు డాక్టర్ పొద్దున 20 యూనిట్ల ఇన్సులిన్ రాశాడు. సీసా సరైనదే ఇచ్చారు. ఎర్ర మూత సిరంజీలు అయిపోయాయని షాపులో నారింజ మూతవి చేతిలో పెట్టారు. సూది సూదే కదా అనుకున్నారు ఇంట్లో. రెండు నెలలైనా షుగర్ 300 దిగలేదు. డాక్టర్ డోసు 30కి పెంచాడు. కొన్నాళ్లకు షాపులోకి ఎర్ర మూతవి వచ్చాయి. అవి వాడిన మొదటి రోజే పత్తి చేనులో ఒళ్లంతా చెమటలు పట్టి, మాట తడబడి కూలబడింది. మీటర్‌లో చూస్తే షుగర్ 42కి పడిపోయింది.

లెక్క చూడండి. మన దగ్గర సీసాల్లో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. ఎర్ర మూత సిరంజి దానికే. నారింజ మూతది 100 యూనిట్ల మందుకు. నారింజ సిరంజిలో 20 గీత దాకా ఈ మందు లాగితే ఒంట్లోకి పోయేది 8 యూనిట్లే, 30 గీత దాకా లాగితే 12. ఎర్రది చేతికి రాగానే 12 కాస్తా ఒక్కసారిగా 30 అయింది. 100 బలం మందును ఎర్ర సిరంజితో లాగితే ఇంకా ప్రమాదం, 20 అనుకున్నది 50 అవుతుంది.

తిండి సరిగా తినలేదని అందరూ చిన్నమ్మనే తిట్టారు. నన్నడిగితే తప్పు చీటీలో ఉంది. అంకె ఒక్కటే రాస్తే డోసు రాసినట్టు కాదు. మందు బలం, సిరంజి మూత రంగు కూడా రాయాలి. యూనిట్లు అన్న మాటను పూర్తిగా రాయాలి. పొట్టిగా U అని ఇంగ్లిష్ అక్షరం గీకితే అది సున్నాలా కనపడి, 10 కాస్తా 100 అవుతుంది. షుగర్ దిగకపోతే డోసు పెంచే ముందు 'ఏ సిరంజితో వేసుకుంటున్నవ్, తీసి చూపియ్' అని అడగడానికి నిమిషం కూడా పట్టదు.

ఎన్నింటికి తింటావని కూడా అడగాలి. 30/70 రకం, అంటే త్వరగా పనిచేసేదీ నెమ్మదిగా పనిచేసేదీ కలిపిన ఇన్సులిన్, వేసుకుంటే అరగంటలో తినాలి. కూలికి పోయేవాళ్లు ఆరింటికి సూది వేసుకుని పదింటికి సద్ది విప్పుతారు. ఇక సాయంత్రం కల్లు సంగతి డాక్టర్ అడగడు, వీళ్లు చెప్పరు. ఖాళీ కడుపున తాగితే షుగర్ పడిపోవచ్చు. పడిపోయినవాడు తాగి పడుకున్నవాడిలాగే కనపడతాడు, ఎవరూ లేపరు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకైతే ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి పాత డోసే ఎక్కువైపోతుంది.

ఎండాకాలం ఫ్రిజ్ లేని ఇంట్లో తడిగుడ్డ చుట్టిన మట్టికుండ చాలావరకు ఆదుకుంటుంది. ఫ్రిజ్ ఉన్నా డీప్ ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకూడదు, గడ్డకట్టిన మందు పారేయాల్సిందే.

చిన్నమ్మకు చదువు రాదు. ఇప్పుడు సీసా మెడకు ఎర్ర దారం కట్టుకుంది. సూదులు కొనడానికి పోతే ఆ సీసా చూపించి, ఇదే రంగు మూత కావాలంటుంది.