గేట్లు దించిన తరువాత సాగర్

శ్రీశైలం నిండి దిగువకు వరద వదిలారన్న కబురు వచ్చిన కొద్ది రోజులకే హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ వెళ్ళే రోడ్డు స్వరూపం మారిపోతుంది. ఇబ్రహీంపట్నం, మాల్, కొండమల్లేపల్లి మీదుగా సాగే దాదాపు 150 కిలోమీటర్ల ఆ దారిలో ఆదివారం వచ్చిందంటే కార్లు బారులు తీరతాయి. డ్యామ్ దిగువన వంతెన మీద నిలబడి, 26 క్రస్ట్ గేట్ల కింద నుంచి దూకుతున్న కృష్ణను ఫోన్లలో పట్టుకుని, తుంపర్లకు తడిసి, రోడ్డు పక్కన వేయించి అమ్మే చేపలు తిని, చీకటి పడేలోగా తిరుగుముఖం పట్టడంతో సాగర్ యాత్ర ముగుస్తుంది. మర్నాడు పత్రికల జిల్లా పేజీల్లో ‘సాగర్‌కు పోటెత్తిన పర్యాటకులు’ అన్న శీర్షిక కనిపిస్తుంది. నిజానికి వారంతా పోటెత్తింది గేట్లకే. గేట్లకు పైన, ఎడమ గట్టు కొండ మీద హిల్ కాలనీ, దాని దిగువన పైలాన్ కాలనీ కలిసి నందికొండ అనే ఒక చిన్న పట్టణం ఉందని, అది చూడదగినదని, అక్కడ ఒక రాత్రి ఉండవచ్చునని అనుకునేవారు ఆ జనంలో బహు తక్కువ. పర్యాటక ప్రణాళికలు వేసేవారిలోనూ అంతే తక్కువ కావడం అసలు విచారించవలసిన సంగతి.

దక్షిణ తెలంగాణలో ఊళ్ళు సాధారణంగా చెరువు కిందనో, కోట నీడనో, సంత చుట్టూనో పుట్టాయి. నందికొండ పట్టణం మాత్రం ఒక పని కోసం పుట్టింది. 1955 డిసెంబర్ 10న జవహర్‌లాల్ నెహ్రూ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. దాని గుర్తుగా నిలిపిన స్తంభం పేరే పైలాన్ కాలనీకి వచ్చింది. ఆ నాటికి ఎడమ గట్టు హైదరాబాద్ రాష్ట్రంలోనూ, కుడి గట్టు ఆంధ్ర రాష్ట్రంలోనూ ఉండేవని ఇప్పుడు చాలామందికి గుర్తు లేదు. ఏడాది తిరగకుండానే రెండూ ఒకే రాష్ట్రమయ్యాయి. ఇంజనీర్లు, ఓవర్సీర్లు, గుమాస్తాలు, మేస్త్రీలు, కూలీలు, వారి పిల్లలు, ఆ పిల్లలకు బడులు, ఆసుపత్రి, బజారు, ఇవన్నీ కొండ మీద ఒక క్రమంలో లేచాయి. అధికారుల క్వార్టర్లు ఒక వైపు, చిన్న ఉద్యోగుల క్వార్టర్లు మరొక వైపు ఉండేలా ప్రభుత్వ శాఖ గీసిన ప్లాను ప్రకారం వెలసిన ఊరు కావడం వల్ల, ఎవరి హోదా ఎంతో అప్పట్లో ఇంటి సైజును బట్టే తెలిసిపోయేది. ఇప్పటికీ ఆ వీధుల్లో నడిస్తే ఆ శాఖాపరమైన తర్కం కంటికి కనిపిస్తుంది.

దూరం నుంచి కాంక్రీటు గోడలా కనిపించే ఆనకట్ట నిజానికి రాతి కట్టడం. సుమారు 124 మీటర్ల ఎత్తున్న ఈ డ్యామ్ ప్రపంచంలోని రాతి ఆనకట్టల్లో అతి పెద్దదిగా పేరుపొందింది. విదేశీ యంత్రాలకు డబ్బు, సిమెంటుకు సరఫరా కరువైన రోజుల్లో, మనుషులకు మాత్రం కరువు లేని దేశంలో, రాతిని ఎంచుకోవడంలో ఒక ఆర్థిక వివేకం ఉంది. కర్రలతో కట్టిన పరంజాల మీదుగా రాళ్ళూ, తట్టలూ మోసుకుంటూ చీమల బారుల్లా ఎక్కిన ఆడా మగా కూలీల ఫోటోలు ఇప్పటికీ చూడవచ్చు. వారిలో పాలమూరు (మహబూబ్‌నగర్ ప్రాంతం) లేబర్ వాటా తక్కువది కాదు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, పిల్లాపాపలతో గుంపులుగా కదిలి, దేశం నలుమూలలా ఆనకట్టలు కట్టిన పాలమూరు కూలీల చరిత్రలో నాగార్జునసాగర్ ఒక పెద్ద మజిలీ. అయితే 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలినప్పుడు ఆ నీరు నల్లగొండ, ఖమ్మం, గుంటూరు, ప్రకాశం, కృష్ణా ప్రాంతాల పొలాలకు వెళ్ళింది గానీ పాలమూరు గడప తొక్కలేదు. ఎడమ కాలువకు లాల్‌బహదూర్ పేరు, కుడి కాలువకు జవహర్ పేరు పెట్టుకున్నాం. తట్టలు మోసినవారి పేరు మీద పట్టణంలో ఒక విశాలమైన మ్యూజియం ఉంటే, గేట్లు చూసి వెళ్ళేవాడికి తాను ఏం చూశాడో బోధపడుతుంది. అది కట్టడానికి కొత్త స్థలం సేకరించనవసరం లేదు. ప్రాజెక్టు నాటి భవనాలే ఊరు నిండా ఉన్నాయి.

పని ముగిసిన తరువాత పని కోసం పుట్టిన ఊరు ఏమవుతుందన్న ప్రశ్నను మన ప్రణాళికా రచయితలు ఎన్నడూ గట్టిగా వేసుకోలేదు. ఉద్యోగులు బదిలీల మీద, పదవీ విరమణల మీద తగ్గిపోతూ వచ్చారు. క్వార్టర్లు పాతబడ్డాయి. జలవిద్యుత్ కేంద్రం, నీటిపారుదల శాఖ మిగిల్చిన కొద్దిపాటి కొలువులు, చేపల వేట, వరద రోజుల్లో వచ్చే సందర్శకులు, చుట్టుపక్కల తండాల వారి బజారు ఖర్చు, వీటి మీదనే ఊరు నెట్టుకొస్తోంది. నందికొండ మున్సిపాలిటీకి తొలి ఎన్నికలు జరిగింది 2020 జనవరిలో. అంటే కృష్ణకు అడ్డంగా కొండ కట్టిన ఊరికి, తన వీధులను గురించి తాను తీర్మానం చేసుకునే వీలు శంకుస్థాపన జరిగిన ఆరు దశాబ్దాలు దాటాక గానీ రాలేదన్న మాట.

ఇటీవలి కాలంలో ఇక్కడ పెట్టిన ప్రధానమైన పర్యాటక పెట్టుబడి బుద్ధవనం. 274 ఎకరాల్లో మహాస్తూపం, జాతక కథల శిల్పాలు, ఉద్యానాలతో తీర్చిదిద్దిన ఈ ప్రాంగణం 2022 మేలో ప్రారంభమైంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడవలసిన అవసరం లేదు. శిల్పుల పనితనం బాగుంది, ఆలోచన కూడా సందర్భోచితమే. ఎందుకంటే జలాశయం కింద ఉన్నది క్రీ.శ. మూడు, నాలుగు శతాబ్దాల నాటి ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. 1926లో వెలుగు చూసిన ఆ లోయలో పురావస్తు శాఖకు చెందిన లాంగ్‌హర్స్ట్ మొదట తవ్వకాలు జరిపారు. మునకకు ముందు 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తు శాఖ విస్తృతంగా తవ్వి, కొన్ని కట్టడాలను రాయి రాయిగా విప్పి నాగార్జునకొండ మీదా, కుడి గట్టున అనుపులోనూ తిరిగి నిలబెట్టింది. కొండ ద్వీపమైంది, దాని మీద మ్యూజియం వెలిసింది. అసలు శిల్పాలు ద్వీపం మీద ఉన్నాయి, కొత్త శిల్పాలు బుద్ధవనంలో ఉన్నాయి, రెంటినీ కలిపి అర్థం చేసుకోవాలంటే మధ్యలో ఒక రాత్రి విశ్రాంతి కావాలి. ఆ రాత్రి గడపవలసిన చోటు కొండ మీది పట్టణమే. కానీ బుద్ధవనం గేటు దగ్గర కారు దిగినవాడు అక్కడి నుంచే హైదరాబాద్ దారి పడుతున్నాడు. ఊరికి ఒక టీ ఖర్చు కూడా మిగలడం లేదు.

రాష్ట్ర విభజన ఈ యాత్రను ఇంకొంచెం చిందరవందర చేసింది. నాగార్జునకొండ ద్వీపం, అనుపు, చంద్రవంక మీది ఎత్తిపోతల జలపాతం ఆంధ్రప్రదేశ్ వైపు ఉన్నాయి. బుద్ధవనం, హిల్ కాలనీ తెలంగాణ వైపు ఉన్నాయి. చూసేవాడికి ఇదంతా ఒకే లోయ, ఒకే చరిత్ర. టిక్కెట్లు, లాంచీలు, వసతి గృహాలు మాత్రం రెండు ప్రభుత్వాలవి. 2023 నవంబర్ చివర, తెలంగాణలో పోలింగ్ జరగబోతున్న వేళ, ఆంధ్రప్రదేశ్ పోలీసులు డ్యామ్ మీదికి వచ్చి 13వ గేటు దాకా ముళ్ళకంచె వేసి కుడి కాలువకు నీరు వదిలిన తరువాత, కేంద్ర బలగాలు వచ్చి కాపలా కాయవలసి వచ్చింది. నీటి వాటాల తగాదా ఒక్క పూటలో తేలేది కాదని అందరికీ తెలుసు. కానీ లాంచీ వేళలు, ఉమ్మడి టిక్కెట్టు కృష్ణా ట్రిబ్యునల్ తీర్పు కోసం ఆగవలసిన విషయాలు కావు. రెండు పర్యాటక సంస్థలు ఒక బల్ల చుట్టూ కూర్చుంటే తేలిపోయే పని అది. రెండు రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టుగానే దీన్ని మొదలుపెట్టామన్న సంగతి గుర్తుంటే కూర్చోవడానికి అంత మొహమాటం కూడా ఉండనక్కరలేదు.

మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు రైతులు ‘సాగర్‌లో నీళ్ళున్నాయా’ అని అడగరు, ‘ఎన్ని అడుగులున్నాయి’ అని అడుగుతారు. పూర్తి మట్టం 590 అడుగులు. 510కి దిగిందంటే గుండెలు జారతాయి. సందర్శకుడు కూడా ఈ లెక్క నేర్చుకోవడం మంచిది. వేసవిలో నీరు దిగినప్పుడు చుట్టూ నల్లమల గుట్టల పాదాల వెంట చెట్టూ చేమా లేని ఎర్రటి పట్టీ ఒకటి బయటపడుతుంది. పైన అడవి, కింద నీరు, మధ్యలో నీటి గీతలు మెట్లు మెట్లుగా మిగిలిన బోడి నేల. ఏ వారానికి నీరు ఎక్కడి దాకా జారిందో ఆ గీతలు చూసి చెప్పవచ్చు. మన జలాశయాలు ఎలా బతుకుతాయో, ఎవరి కోసం ఖాళీ అవుతాయో ఆ పట్టీ చెప్పినంత స్పష్టంగా గేట్ల హోరు చెప్పదు. మే నెలలో ఇక్కడి బండలు కాలే తీరు తెలిసినవారెవరూ దీన్ని హిల్ స్టేషన్ అనరు గనుక, ఆ దృశ్యం కోసం ఎండాకాలం రమ్మని నేను ఎవరినీ బలవంతపెట్టను. ఫిబ్రవరిలోనే ఆ పట్టీ మొదలవుతుంది, అప్పటికి ఎండ ఇంకా ముదరదు.

పట్టణంలోనే బస చేయమనడానికి మరింత బలమైన కారణం ఆ నీరు ఎక్కడికి పోతోందన్నది. పుట్టంగండి వద్ద ఎత్తిపోసిన కృష్ణా జలాలు అక్కంపల్లి మీదుగా 2004 నుంచి హైదరాబాద్ నగరానికి తాగునీరుగా వెళ్తున్నాయి. అదే నీరు ఫ్లోరైడ్‌తో తరతరాలు నడుములు వంగిపోయిన మర్రిగూడ, మునుగోడు వంటి మెట్ట ప్రాంతాలకు చేరడానికి ఎన్ని ఉద్యమాలు కావలసివచ్చిందో నల్లగొండలో ఎవరిని అడిగినా చెబుతారు. అలాంటి జలాశయం ఒడ్డునే రిసార్టులు, కాటేజీలు, రాత్రి గుడారాలు వేయాలన్న ఉత్సాహం ఇప్పుడు పెరుగుతోంది. నేరేడుగొమ్ము మండలంలో, మత్స్యకారులు స్థిరపడిన వైజాగ్ కాలనీ అనే పల్లె పేరు కొన్నేళ్ళుగా యూట్యూబ్ వీడియోల పుణ్యమా అని నగరానికి తెలిసిపోయింది. కారం పట్టించిన బొచ్చె ముక్క పెనం మీద తిరగబడుతుంటే వచ్చే వాసనకు ఎవరూ కాదనలేరు, ఆ రాబడి కూడా అక్కడి వారికి దక్కవలసిందే. కానీ శని, ఆదివారాలు దాటాక ఒడ్డున మిగిలే ప్లాస్టిక్ పళ్ళాలు, సీసా పెంకులు వాననీటితో పాటు ఎటు పోతాయో వాలు చూస్తే తెలుస్తుంది. పెద్దగట్టు, లంబాపూర్ యురేనియం గనుల ప్రతిపాదనను ఈ ప్రాంతం ఎదిరించినప్పుడు వినిపించిన ముఖ్యమైన వాదనల్లో ఒకటి, పక్కనే తాగునీటి జలాశయం ఉందన్నది. గనికి వర్తించిన ఆ వాదన మురుగుకు ఎందుకు వర్తించదు? ఎగువన అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉండగా, ప్రతి ఒడ్డుకూ రోడ్డు వేయాలన్న ఆలోచన అసలే ప్రమాదకరం. శ్రీశైలం బ్యాక్‌వాటర్ పక్కన సోమశిలలోనూ ఇదే ప్రశ్న రేపు మాపు ఎదురవుతుంది.

హిల్ కాలనీకి రోడ్లు, నీళ్ళు, కరెంటు, బస్టాండు ఇదివరకే ఉన్నాయి. పాత క్వార్టర్లలో కొన్నింటిని బాగుచేసి, అక్కడ ఉంటున్నవారికే అద్దె గదులు నడుపుకునే హక్కు కల్పించి, మురుగు శుద్ధికి ఒక కేంద్రం కట్టి, జలాశయం ఒడ్డున కొత్త బసలకు అనుమతులు ఆపేస్తే ఖర్చు తక్కువ, నష్టం అంతకంటే తక్కువ. ఇందులో మొదట జరగవలసింది మురుగు శుద్ధి. గదులు పెరిగాక దాని గురించి ఆలోచిద్దామనడం మన మున్సిపాలిటీలకు అలవాటైన పొరపాటు.

ఇక ఎప్పుడు వెళ్ళాలంటే, నా ఓటు నవంబర్, డిసెంబర్ నెలలకు. వానలు మంచిగా పడిన ఏడాది అప్పటికి జలాశయం ఇంకా నిండుగా ఉంటుంది, వరద తగ్గి గేట్లు దించి ఉంటారు, వంతెన మీద జనం పలచబడతారు. మట్టం అనుకూలిస్తే సాగర్ నుంచి శ్రీశైలానికి, నల్లమల కొండల నడుమ 100 కిలోమీటర్లు దాటిన దూరం లాంచీ నడిపిన సందర్భాలున్నాయి. బయలుదేరే ముందు ఆ వివరం కనుక్కోవాలి. వారం మధ్యలో వెళ్తే మొదటి రోజు ద్వీపం, రెండో రోజు ఉదయం బుద్ధవనం, సాయంత్రం కాలనీ వీధుల్లో నడక పెట్టుకోవచ్చు. హిల్ కాలనీ బజారులో భోజనం చేసి, ప్రాజెక్టులో పనిచేసి రిటైరైన పెద్దలెవరైనా తారసపడితే పలకరించండి. డ్యామ్ ముచ్చట ఎత్తితే చాలు, వారే కుర్చీ లాగి కూర్చోబెడతారు.