టెన్త్ తర్వాత పుట్టుమచ్చ చూసుకున్న మగాడు

తెలుగు మగవాడి ఒంటిని జీవితంలో ఒక్కసారే శ్రద్ధగా తనిఖీ చేస్తారు. అది పదో తరగతిలో. "పుట్టుమచ్చలు ఎక్కడున్నాయిరా?" అని క్లాస్ టీచర్ అడిగితే చొక్కా పైకెత్తి, మెడ తిప్పి, ఎలాగో రెండు చూపించాం. రెండోది దొరకనివాడు పెన్నుతో చుక్క పెట్టుకొచ్చాడు. అవి సర్టిఫికెట్‌లోకి ఎక్కాయి. ఆ తర్వాత నలభై ఏళ్లలో వాటి యోగక్షేమాలు అడిగిన నాథుడు లేడు.

నేనుండేది బ్రిస్బేన్‌లో. ఇక్కడి ఎండ తెల్లతోలును వదిలిపెట్టదు, చర్మ క్యాన్సర్ తెచ్చిపెడుతుంది. చొక్కా వేసుకో, క్రీమ్ పూసుకో, టోపీ పెట్టుకో అని 1981లోనే టీవీలో ఒక సముద్రపక్షి బొమ్మ చేత పాట పాడించారు. ఇప్పుడు బడిలో టోపీ లేని పిల్లాణ్ణి ఆటకే పంపరు. వాడి తాత మాత్రం చొక్కా విప్పి, మిట్టమధ్యాహ్నం గడ్డి కోస్తుంటాడు.

మా పక్కింటాయనకు డెబ్భై దాటాయి. ప్రతి ఆదివారం కారు చుట్టూ తిరిగి, వేలితో తడిమి, ఎక్కడ గీత పడిందో చూసుకుంటాడు. పుట్టుమచ్చలా కనిపించే చర్మ క్యాన్సర్, మెలనోమా, మగవాళ్లలో ఎక్కువగా కనిపించేది వీపు మీద. తన వీపును ఆయన ఇంతవరకూ చూసుకోలేదు. అది వాళ్లావిడ శాఖ. ఆవిడే అపాయింట్‌మెంట్ తీసుకుని, పద అంటే వెళ్లాడు. ఈయన దోస్తుల సంగతి ఇంకా విచిత్రం. ఒకాయన చెవి అంచు కోయించుకుని, ప్లాస్టర్‌తో క్లబ్బుకొచ్చాడు. మరో వారానికి ఆ టేబుల్ మీదివాళ్లందరూ డాక్టర్ దగ్గరికి క్యూ కట్టారు. భయంతో అనుకునేరు! కబుర్లలో వెనకబడిపోతామని.

మనవాళ్లు ఇలాంటి వాటికి లొంగరు. మనవాళ్లను కదిలించేది సర్టిఫికెట్ ఒక్కటే. కాబట్టి పెన్షనర్లు ఏటా బతికున్నట్టు ఇచ్చే కాగితానికి పుట్టుమచ్చల ఫారం కూడా జతచేయాలని ప్రభుత్వానికి నా విన్నపం. మచ్చ పెరిగిందా, రంగు మారిందా, అంచులు వంకరపోయాయా, రక్తం వస్తోందా, కొత్తది మొలిచిందా? గెజిటెడ్ సంతకం తప్పనిసరి.

మొన్న మా నాన్న ఆరు నెలలకని వచ్చారు. విషయం ఎత్తగానే "మనది చామనచాయ, ఎండలో పుట్టి ఎండలో పెరిగాం, మనకెందుకొస్తుందిరా" అన్నారు. నిజమే, మనకు తక్కువే. కానీ వస్తే గిస్తే ఎక్కువగా అరికాల్లోనో, అరచేతిలోనో, గోరు కిందో వస్తుంది. దానికి ఎండతో పనిలేదు. పాటగాడు బాబ్ మార్లేకు 1977లో కాలి బొటనవేలి గోరు కింద ఇదే బయటపడింది. అంతకుముందు అది ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు. 1981లో, 36 ఏళ్లకే పోయాడు. ఇదంతా చెప్తే నాన్న సానుభూతిగా విని, "ఏ టీముకు ఆడేవాడు?" అన్నారు.

ఇక లాభం లేదని, "అది కాదు నాన్నా, అరికాల్లో మచ్చుంటే విదేశీ యోగం అంటారు కదా" అన్నాను.

అంతే. కళ్లజోడు వచ్చింది, ఫోన్ టార్చ్ వెలిగింది. లుంగీ మడిచి, సోఫాలో కూర్చుని, కుడికాలు ఒళ్లోకి లాక్కుని వేళ్ల సందులతో సహా వెతికారు. ఏమీ లేదు.

"మరి నేనిక్కడికి ఎలా వచ్చానురా?" అంటూ ఎడమకాలు లాక్కున్నారు.