తాళం మీది, తలనొప్పి మాది

లోకంలో ముడిసరుకు కొరత రాని వ్యాపారం ఏదైనా ఉందా అని పెద్దపెద్దవాళ్లు తలలు పట్టుకుంటున్నారు. వాళ్ల శ్రమ తగ్గించడం నా ధర్మమనుకుని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఉంది. ఆ ముడిసరుకు పేరు ‘చూద్దాంలే’.

స్ప్రింగులు బయటికొచ్చిన సోఫాని ఏం చేద్దాం? చూద్దాంలే. ఉద్యోగంలో చేరిపోయిన అబ్బాయి ఎనిమిదో తరగతి నోటుపుస్తకాలు? చూద్దాంలే. మొదటి వారం తర్వాత ఎవరూ ఎక్కని వ్యాయామం సైకిలు? దాని సంగతి తప్పకుండా చూద్దాం, వచ్చే నెల నుంచి మొదలుపెడదాం. ఈ మాట ఇంట్లో ఉన్నంతకాలం దానికి పైసా విలువ లేదు. అటక నిండి, మంచం కింద నిండి, మనుషులు పక్కకు తిరిగి నడవాల్సి వచ్చిన రోజున అది నా దగ్గరికి వస్తుంది. నేను దానికో గది, ఓ షట్టరు, నెలనెలా ఓ బిల్లు ఇస్తాను. దీన్నే సెల్ఫ్ స్టోరేజ్ అంటారు. గది నాది, తాళం వాళ్లది. లోపల ఏముందో నాకు తెలియదు. ఏడాది తిరిగేసరికి వాళ్లకీ తెలియదు.

ఇందులో ‘సెల్ఫ్’ ఎవరన్నది తేలాల్సిన విషయం. కస్టమరు తన సామాను తనే తెచ్చుకుని, తనే సర్దుకుని, తనే తాళం వేసుకుంటాడు కాబట్టి ఆ పేరు అంటారు. సొంతంగా నడుపుకునేవాణ్ని అడగండి, వేరే అర్థం చెబుతాడు. గేటు మోటారు మొరాయిస్తే విప్పేది సెల్ఫ్. వరండాలు ఊడ్చేది సెల్ఫ్. బాకీల కోసం ఫోన్లు చేసి తిట్లు తినేది సెల్ఫ్. ఎలుకల బోను పెట్టేదీ, మర్నాడు పొద్దున్నే కళ్లు సగం మూసుకుని తీసేదీ సెల్ఫే. ‘మీరు నిద్రపోతున్నా డబ్బొచ్చే వ్యాపారం’ అని వీడియోల్లో చెప్పే మహానుభావులు అబద్ధమేమీ చెప్పలేదు. డబ్బు రాత్రిపూట ఆటోపేలో పడుతూనే ఉంటుంది. పడడం నేను కళ్లారా చూస్తుంటాను. ఎందుకంటే ఆ వేళకి ఎవరో ఒకరు గేటు దగ్గర నిలబడి ఫోన్ చేసి ఉంటారు.

“సార్, కోడ్ మర్చిపోయాను.”

“మీరే పెట్టుకున్నారు కదండీ, ఏదైనా గుర్తుండే నంబరు అయి ఉంటుంది.”

“పెళ్లిరోజు పెట్టుకున్నాను సార్. ఈ టైములో ఇంటికి ఫోన్ చేసి అడగలేను.”

ఆ కుటుంబం ఇవాళ్టికీ కలిసి ఉందంటే అందులో నా పాత్ర కొంత ఉంది.

చరిత్ర తెలియనివాడు వ్యాపారానికి పనికిరాడంటారు కాబట్టి అదీ కాస్త చెప్పుకుందాం. 1964లో టెక్సస్‌లోని ఒడెస్సాలో, చమురు రంగంలో ఉన్న రస్ విలియమ్స్ అనే ఆయన చిన్న చిన్న గదులు వరసగా కట్టి అద్దెకివ్వడం మొదలుపెట్టాడు. ఈ వ్యాపారం ఇప్పటి రూపానికి అదే తొలి అడుగని చాలామంది చెబుతారు. నాకు నచ్చే కథ మాత్రం 1972 నాటిది. ఆ ఏడాది వేన్ హ్యూస్, కెనెత్ వోల్క్ అనే ఇద్దరు కాలిఫోర్నియాలో పబ్లిక్ స్టోరేజ్ కంపెనీ పెట్టారు. అప్పట్లో వాళ్ల ఆలోచన ఏమిటంటే, కొన్న స్థలం రేటు పెరిగేదాకా ఊరికే ఉంచడమెందుకు, ఈలోగా షెడ్లు వేసి అద్దెకిద్దాం, తర్వాత పడగొట్టి ఏదైనా మంచిది కడదాం అని. ఆ ‘తర్వాత’ ఇంకా రాలేదు. ఆ కంపెనీ ప్రపంచంలోకెల్లా పెద్దవాటిలో ఒకటైంది, అమెరికా మొత్తమ్మీద ఇలాంటి కేంద్రాలు 50,000 దాటాయి. చూశారా, మా పరిశ్రమ మూలపురుషులది కూడా ‘చూద్దాంలే’ సంప్రదాయమే.

ఇక గదులు. 5 అడుగులకు 5 అడుగులది ఒక పెద్ద బీరువా అంత. 10కి 10 అయితే రెండు గదుల ఇంటి సామాను సర్దేయొచ్చు. 10కి 20 అంటే కారు పడుతుంది, లేదా కారు కొనుక్కునే స్తోమత ఉన్నవాళ్ల ఇల్లు పడుతుంది. కస్టమర్లందరూ ఫోన్‌లో చెప్పేది మాత్రం ఒకే లెక్క: “నాలుగు పెట్టెలండీ, అంతే.” ఆ నాలుగు పెట్టెలు దించడానికి వచ్చిన వ్యాను రెండోసారి వెళ్లి వస్తుంది. మూడోసారికి అత్తగారి డ్రెస్సింగ్ టేబులు దిగుతుంది. అప్పుడు భర్త నా వైపు, భార్య ఆకాశం వైపు చూస్తారు. నేను ఏమీ అనకుండా పెద్ద గది అగ్రిమెంటు తీసి ముందు పెడతాను. వ్యాపారంలో మౌనం బంగారం అంటారే, అది ఇదే.

“ఎన్నాళ్లకండీ?” అని అడుగుతాను. నియమం ప్రకారం అడగాలి.

“రెండు నెలలు చాలు.”

ఆ మాట అన్నవాళ్ల పిల్లలు ఇప్పుడు అద్దె కడుతున్నారు.

వాళ్లను కదలకుండా ఉంచే మంత్రం చెప్పకుండా దాచడం సంస్కారం కాదు. మొదటి నెల సగం అద్దెకే ఇస్తాం. ఆరు నెలలయ్యాక, నిర్వహణ ఖర్చులు పెరిగినందుకు మిక్కిలి చింతిస్తూ 8 శాతం పెంచుతున్నామని ఉత్తరం పంపుతాం. చింత నిజమే, ఎక్కువ పెంచలేకపోయామే అని. కస్టమరుకు కోపం వస్తుంది. ఖాళీ చేసేస్తానంటాడు. తర్వాత కాగితం తీసుకుని లెక్క వేస్తాడు. వ్యాను ఖర్చు. ఇద్దరు మోసేవాళ్లు. ఒక రోజు సెలవు. వీటన్నిటికీ మించి, ఆ డ్రెస్సింగ్ టేబులు ఎక్కడ పెట్టాలి అని ఇంట్లో జరగబోయే చర్చ. దాని పక్కన 8 శాతం పెట్టి చూస్తే చిన్నపిల్లలా కనిపిస్తుంది. అద్దె కట్టేస్తాడు. పెద్ద కంపెనీలు ఈ లెక్కను కంప్యూటర్లకు అప్పగించి ఎవరికి ఎప్పుడు ఎంత పెంచాలో తేలుస్తాయి. నేను పాతకాలపువాణ్ని, కస్టమరు ముఖం చూసి పెంచుతాను.

కొంతమంది నన్ను అడుగుతుంటారు, ఇల్లు సర్దుకోవడం నేర్పే నిపుణులు ఎక్కువయ్యారు కదా, మీకు దెబ్బ కాదా అని. అమాయకులు. అనవసరమైనవన్నీ ఇంట్లోంచి తీసేయండి అని నిపుణులు చెబుతారు. జనం తీసేస్తారు. ఇంట్లోంచి తీసేయమన్నారు కానీ పారేయమన్నారా? ఆ క్లాసులు జరిగిన మర్నాడు నా ఫోన్ ఖాళీ ఉండదు. వాళ్లకు ఏదో ఒక రోజు శాలువా కప్పాలని నా కోరిక.

23వ నంబరు పెద్దాయన గురించి చెప్పకపోతే పాపం. ప్రతి ఆదివారం పదింటికి వస్తాడు. షట్టరు సగం లేపి, వంగి లోపలికి వెళ్లి, సోఫా మీది దుప్పటి ముందు ఒక చివర పట్టుకుని, తర్వాత రెండో చివర పట్టుకుని, నాలుగు మడతలు పెట్టి పక్కన పెడతాడు. కూర్చుంటాడు. పేపరు విప్పుతాడు. గంటయ్యాక దుప్పటి మళ్లీ కప్పి, మూలలు లాగి, తాళం రెండుసార్లు గుంజి చూసుకుని వెళ్లిపోతాడు. ఒకరోజు ఉండబట్టలేక, “ఈ సోఫా ఇంట్లోనే పెట్టుకోవచ్చుగా బాబాయ్” అన్నాను. “ఇంట్లో కొత్తది వేశారయ్యా, దాని మీద కూర్చోనివ్వరు” అన్నాడు. ఆయనకు మాత్రం నేను అద్దె పెంచలేదు. ఇది వ్యాపార రహస్యం, మిగతావాళ్లకు చెప్పకండి.

నియమాలు చాలా ఉన్నాయి. పెట్రోలు పెట్టకూడదు, గ్యాస్ సిలిండరు పెట్టకూడదు, కుళ్లిపోయేవి పెట్టకూడదు, జంతువుల్ని పెట్టకూడదు, మనుషులు కాపురం పెట్టకూడదు. ఒక్కో నియమం వెనక ఒక్కో కస్టమరు ఉన్నాడు. కాపురం నియమం వెనకున్నాయన నాకు దొరికింది వాసనతో కాదు, సీసీ కెమెరాలో పొద్దున ఆరింటికి వరండాలో పళ్లు తోముకుంటూ. తడి కార్పెట్ కథ ఇంకొకటి. దాన్ని చుట్టచుట్టి గోడకు ఆనించి తాళం వేసుకుపోయినావిడ మూడు నెలల తర్వాత వచ్చి, మీ గదిలో చెమ్మ ఉంది, అంతా బూజు పట్టింది అని కేకలేసింది. చెమ్మ ఆవిడే తెచ్చి పెట్టిందనీ, నా ఇన్సూరెన్స్ నా గోడలకే తప్ప ఆవిడ కార్పెట్‌కు వర్తించదనీ, తన సామానుకు తనే పాలసీ తీసుకోవాలని అగ్రిమెంటులో ఉందనీ వినయంగా చెప్పాను. అగ్రిమెంటు ఎక్కడుందని అడిగితే, ఆ గదిలోనే ఉందట. కార్పెట్ లోపల.

అద్దె కట్టనివాళ్ల సంగతి. ముందు వాళ్ల తాళం మీద మా తాళం వేస్తాం. తర్వాత నోటీసు. ఆ తర్వాత, చట్టం ఒప్పుకున్న పద్ధతిలో, వేలం. ఈ వేలం గురించి జనంలో గొప్ప అపోహ ఉంది, లోపల ఎవరో మర్చిపోయిన నిధి ఉంటుందని. తాళం కోసి షట్టరు లేపగానే పాడుకునేవాళ్లు గుమ్మం దగ్గరే నిలబడి టార్చి వేసి చూస్తారు, లోపలికి అడుగు పెట్టకూడదు, ఏదీ ముట్టకూడదు. నేనూ వాళ్ల వెనకాల నిలబడి మెడ చాచి చూస్తాను. ఇన్నేళ్లలో నాకు కనిపించిన నిధులు: పరుపులు, వ్యాయామం సైకిళ్లు, మూత లేని డబ్బాలు, డబ్బా లేని మూతలు. పాట అయ్యాక బాకీ ఎలాగూ తీరదు, గది ఊడ్చే పని మిగులుతుంది. ఫొటో ఆల్బములు, సర్టిఫికెట్ల లాంటివి అమ్మడం పద్ధతి కాదు కాబట్టి పక్కన పెడతాను. ఒకసారి ‘పరుగుపందెం, రెండో బహుమతి’ అని చెక్కిన కప్పు దొరికింది. ఎవరైనా వచ్చి అడిగితే? అదీ దాచాను. ఏ తాళానివో తెలియని తాళంచెవులు ఒక బకెట్టు నిండా ఉన్నాయి. అవన్నీ ఒకటో నంబరు గదిలో పెట్టాను. అది నాది.

ఇక అసలు ఘట్టం, విస్తరణ.

నాకు 60 గదులుండేవి. 54 నిండాయి, అంటే 90 శాతం. బుద్ధిమంతుడైతే అక్కడ ఆగి కాఫీ తాగుతాడు. నేను ఈ వ్యాపారపు పెద్దల మాటలు చదివినవాణ్ని. నూటికి నూరు నిండితే అద్దె తక్కువ పెట్టావని అర్థం, తొంభై నిండితే ఇంకా కట్టమని అర్థం. ఎటు తిరిగినా ఓనరుకు సుఖంగా కూర్చునే శాతం అంటూ లేదు. వెనక స్థలంలో రెండంతస్తులు లేపాను. అందులో ఇంచుమించు నాలుగో వంతు వరండాలకూ మెట్లకూ లిఫ్టుకూ పోయింది. అంతస్తుల భవనమంటే ఇది మామూలే అన్నాడు ఇంజనీరు. అద్దె రాని ఆ చోటుకు కూడా మంచి పెయింటు వేయించాలన్నాడు.

మొత్తానికి 40 గదులు కొత్తగా వచ్చాయి. రిబ్బను కత్తిరించిన రోజు రాత్రి లెక్క వేసుకున్నాను. 100 గదులు, నిండినవి 54. పొద్దున 90 శాతం ఉన్న వ్యాపారం, ఒక్క కస్టమరు కూడా వెళ్లకుండానే, రాత్రికి 54 శాతం అయింది. బ్యాంకు మేనేజరు ఆ కాగితం చూసి, “ఏమైందండీ, అంతా బాగానే ఉందా?” అని ఆస్పత్రిలో పలకరించినట్టు అడిగాడు.

“వ్యాపారం పెరిగింది సార్” అన్నాను.

“తగ్గినట్టుంది కదండీ.”

“పెరగడం వల్లే తగ్గింది.”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

నెలకు ఆరుగురు వస్తారు, నలుగురు వెళ్తారు. నికరంగా ఇద్దరు. ఆ చొప్పున మళ్లీ 90 శాతానికి చేరాలంటే ఇంకా 36 గదులు నిండాలి, అంటే 18 నెలలు. అప్పు వాయిదాకు ఇలాంటి నిదానం తెలియదు. మొదటి నెల నుంచే నిండుగా వచ్చి కూర్చుంటుంది. ఈలోగా నేను కొత్త వరండాల్లో రాత్రుళ్లు తిరిగేవాణ్ని. సెన్సార్ లైట్లు ఒక్కొక్కటే నా కోసం వెలిగేవి. అంత మర్యాద నాకు ఇంకెక్కడా దక్కలేదు.

అప్పుడు నా అకౌంటెంటు ఒక మాట పట్టుకున్నాడు. నిండిన గదులు వేరు, డబ్బులొచ్చే గదులు వేరు. ఒకటో నంబరు నిండింది గానీ దమ్మిడీ రాదు, దాన్ని ఖాళీ చేసి అద్దెకివ్వండి అని. న్యాయమే. మర్నాడు చేతులకు గ్లౌజులు వేసుకుని షట్టరు లేపాను. కప్పు తీశాను, తుడిచాను, పెట్టాను. తాళంచెవుల బకెట్టు జరిపాను. ఎదురుగా 40 గదులు ఖాళీగా నోరు తెరుచుకుని ఉన్నాయి కదా, ఇది మాత్రం ఎందుకు ఖాళీ చేయాలి? పైగా ఒకటో నంబరులో కాలు పెట్టే చోటు లేదు. పాత షట్టరు స్ప్రింగులూ, మిగిలిన పెయింటు డబ్బాలూ ట్రాలీ మీద వేసుకుని కొత్త భవనంలోకి తీసుకెళ్లి 77వ నంబరులో పెట్టాను. అలా 55 శాతం అయ్యాం.

అకౌంటెంటు ఈసారి వదల్లేదు. రెండు గదులకూ అగ్రిమెంటు రాయించి, నా జేబులోంచి నాకే అద్దె కట్టించాడు. మొదటి నెల సగమే తీసుకున్నాను, మాట అంటే మాటే. ఆరు నెలలు గడిచాయి. అకౌంటెంటు అందరిలాగే నాకూ ఉత్తరం పంపాడు, నిర్వహణ ఖర్చులు పెరిగినందుకు మిక్కిలి చింతిస్తూ, 8 శాతం. నాకు ఒళ్లు మండింది. ఖాళీ చేసి పారేస్తానన్నాను. కాగితం తీసుకుని లెక్క వేశాను. వ్యాను, ఇద్దరు మోసేవాళ్లు, ఒక రోజు పని పోవడం, ఆపైన ఇవన్నీ తీసుకెళ్లి ఇంట్లో ఎక్కడ పెడతావని అడిగే మనిషి.

అద్దె కట్టేశాను. ఆటోపే కూడా పెట్టుకున్నాను.