అరకిలో బందరు లడ్డూల ప్రీమియం

మా బ్రాడీపేటలో పక్కింటి మాస్టారి అబ్బాయి బీటెక్ ముగించి, ఫైనాన్షియల్ ఇంజినీరింగ్‌లో మాస్టర్స్ చదవడానికి అమెరికా వెళ్తున్నాడు. “సివిల్ వాడు వంతెన కడతాడు, మెకానికల్ వాడు యంత్రం చేస్తాడు, నువ్వేమి చేస్తావురా?” అని నాయనమ్మ అడిగింది. “నష్టభయానికి ధర కడతాను నాయనమ్మా” అన్నాడు. “ఎవరి నష్టానికి?” అంది ఆవిడ. ఆ ప్రశ్న సిలబస్‌లో లేదు.

ఈ శాస్త్రాన్ని శంకించే పాపం నేను మూటగట్టుకోను. 1900లోనే పారిస్‌లో బాషెలియే అనే ఆయన బజారు ధరల తూలుడు నడకకు గణితం రాశాడు. 1973లో బ్లాక్, షోల్స్ ఆప్షన్‌కు ధర కట్టే సూత్రం ప్రచురించారు. ఆప్షన్ అంటే బెదరనక్కర్లేదు. తుళ్లూరు వైపు పొలం బేరమాడిన ప్రతివారికీ అది బయానా పేరుతో పరిచయమే. ఎకరం కోటికి ఒప్పుకుని, ఐదు లక్షలు చేతిలో పెట్టి, మూడు నెలల గడువు రాయించుకుంటారు. ధర లేస్తే రిజిస్ట్రేషన్ దాకా పోకుండానే ఆ అగ్రిమెంటును మరొకరికి అమ్ముకుంటారు. పడిపోతే బయానా వదులుకుని, ఆ దారిన కొన్నాళ్లు కనబడరు.

ఇక ధర ఎంతగా ఊగుతుందన్నది ఆ సూత్రానికి ప్రాణం. రాజధాని ఇక్కడే అని, కాదు మూడు అని, మళ్లీ ఇక్కడే అని పదేళ్లలో విన్న మనకు ఆ పాఠం వేరే చెప్పాలా? సూత్రంలో మాత్రం ఈ ఊగిసలాట ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుందని అనుకుంటారు. అలా అనుకున్నవారు ఎన్నికల ఫలితాల రోజున తుళ్లూరులో టీ తాగి ఉండరు.

కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాలు (టిక్కీలు) పెట్టి, వాళ్లిచ్చిన బాండు మీద అప్పు తెచ్చి, తేజ రకం రేటు లేస్తుందని కూర్చున్న మిర్చి రైతుకైతే ఈ డిగ్రీలో సగం క్రెడిట్లు ఊరికే ఇచ్చేయాలి. మిగతా సగం సీ ప్లస్ ప్లస్ అనే కంప్యూటరు భాష.

ఇంజినీరింగ్ అన్న మాట దగ్గరే నాకొక చిన్న పేచీ. 1957లో పూర్తయిన మన ప్రకాశం బ్యారేజీ 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులకు పైబడిన వరదను దాటించింది. పడవలు వచ్చి గుద్దినా నిలబడింది. ఫైనాన్షియల్ ఇంజినీరు పద్ధతి వేరు. అంత వరద రాదని లెక్కతో నిరూపిస్తాడు. 1997లో నోబెల్ అందుకున్న షోల్స్, మెర్టన్ భాగస్వాములుగా ఉన్న లాంగ్ టర్మ్ కాపిటల్ మేనేజ్‌మెంట్ అనే పెట్టుబడుల సంస్థ, 1998లో రష్యా అప్పు ఎగ్గొట్టాక మునిగింది. 14 సంస్థలు కలిసి సుమారు 360 కోట్ల డాలర్లు పోసి గట్టున పడేశాయి. తప్పు లెక్కది కాదట, లెక్క ప్రకారం నడవని ప్రపంచానిదట.

2024లో షేర్ల బజారును అదుపులో ఉంచే సెబీ చెప్పిన లెక్క ప్రకారం, అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్లు, ఆప్షన్లలోకి దిగిన మామూలు జనంలో 93 శాతం మంది నష్టపోయారు. ఇది చూపించి అబ్బాయిని భయపెడదామనుకున్నాను. వాడి ముఖం వెలిగిపోయింది. “ఆ డబ్బు ఎవరికి చేరిందో వాళ్లే కదా బాబాయి గారూ మాకు ఉద్యోగాలిచ్చేది!”

నిన్న సాయంత్రం మాస్టారు అరకిలో బందరు లడ్డూలతో, అబ్బాయిని వెంటబెట్టుకుని వచ్చారు. ఫీజు డాలర్లలో, అప్పు రూపాయల్లో, తాకట్టు పొన్నూరు దగ్గరి ఎకరన్నర. ఇవి చాలక బ్యాంకు వారు జామీను సంతకం కూడా అడిగారట. రూపాయి పడితే, వీసా రాకపోతే, ఉద్యోగం దొరకకపోతే ఏమవుతుందో ముగ్గురిలో ఎవరూ లెక్క వేయలేదు. ఉండబట్టలేక అడిగాను, “ఈ జామీనును మీ శాస్త్రంలో ఏమంటారు బాబూ?”

“పుట్ ఆప్షన్ అమ్మడం అంటారు బాబాయి గారూ” అన్నాడు, పాపం నిజాయితీగా. “విలువ పడితే నష్టమంతా అమ్మినవారిదే. అందుకే వాళ్లు ముందుగా ప్రీమియం తీసుకుంటారు.”

మాస్టారు లడ్డూల పొట్లం నా వైపు జరిపారు.