ట్రిగ్గర్ వేయని నెల

రెండు నెలల కిందట, మన సంఘంలోనే పరిచయమైన ఒక అమ్మాయి రాత్రిపూట ఫోన్ చేసింది. పిల్లల కోసం చికిత్స తీసుకుంటూ పది రోజులుగా పొట్ట మీద హార్మోన్ ఇంజెక్షన్లు వేసుకుంటోంది, రోజు విడిచి రోజు స్కానింగ్‌కి వెళ్తోంది. ఆ రోజు స్కాన్ చూసిన డాక్టర్ "ఈ నెల ట్రిగ్గర్ వేయడం లేదమ్మా, సైకిల్ ఆపేద్దాం" అన్నారట. ట్రిగ్గర్ అంటే అండాలు విడుదలయ్యేలా చివర్లో వేసే సూది, సైకిల్ అంటే ఆ నెల చికిత్స. "ఇన్ని సూదులు పొడుచుకున్నదంతా దండగైపోయింది అక్కా. వేరే డాక్టర్ దగ్గరికి వెళ్దాం అంటున్నారు మా ఆయన" అని ఏడ్చింది.

కాసేపు ఏడవనిచ్చాను. తర్వాత, ఏ డాక్టర్ని మార్చినా ఈ డాక్టర్ని మాత్రం వదులుకోవద్దని చెప్పాను. ఆ క్షణంలో నా మాట ఆమెకు రుచించి ఉండదు.

నేను డాక్టర్ని కాను. ఈ చికిత్స తీసుకున్న మనిషిని. పన్నెండేళ్ల కిందట నా మొదటి సైకిల్‌లో ఆపాల్సిన చోట ఎవరూ ఆపలేదు. అందుకే అంత గట్టిగా చెప్పగలిగాను. ట్రిగ్గర్ వేయకూడదని నిర్ణయించడం కూడా వైద్యమేనని, అది ఓటమి కాదని నా నమ్మకం.

ట్రిగ్గర్ సూదిలో సాధారణంగా ఉండేది హెచ్‌సీజీ అనే హార్మోన్. గర్భంలో మాయ తయారుచేసేది ఇదే, ప్రెగ్నెన్సీ కిట్ మీద రెండో గీత తెప్పించేదీ ఇదే. 1920ల చివర్లో జర్మనీలో సెల్మార్ అష్‌హైమ్, బెర్న్‌హార్డ్ జోండెక్ అనే ఇద్దరు డాక్టర్లు గర్భిణుల మూత్రాన్ని చిట్టెలుకలకు ఎక్కించి, వాటి అండాశయాల్లో వచ్చే మార్పును బట్టి గర్భాన్ని నిర్ధారించే పద్ధతి కనిపెట్టారు. ఆ మార్పు తెచ్చింది ఈ హార్మోనే. నెలనెలా అండం విడుదలయ్యే ముందు మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్ అనే హార్మోన్‌ని ఒక్కసారిగా వదులుతుంది. హెచ్‌సీజీ ఆ ఎల్‌హెచ్ పనే చేస్తుంది. సూది పడిన దాదాపు 36 గంటల తర్వాత అండం విడుదలకు సిద్ధంగా ఉంటుంది. ఐవీఎఫ్‌లో (అండాలని బయటికి తీసి వీర్యంతో కలిపి పిండం తయారుచేసే పద్ధతి) ఎగ్ పికప్‌ని, అంటే అండాలు బయటికి తీయడాన్ని, 34 నుంచి 36 గంటల మధ్య పెట్టేది, ట్రిగ్గర్‌ని చెప్పిన నిమిషానికే వేసుకోమని అన్నిసార్లు చెప్పేది అందుకే.

రెండింటికీ ఒక్క తేడా ఉంది, చిక్కంతా అక్కడే. శరీరం వదిలే ఎల్‌హెచ్ కొద్ది గంటల్లో కరిగిపోతుంది. హెచ్‌సీజీ మాత్రం రోజుల తరబడి రక్తంలో ఉండి అండాశయాన్ని తట్టిలేపుతూనే ఉంటుంది. రెండు మూడు ఫాలికల్స్ (అండం పెరిగే చిన్న తిత్తులు) ఉన్న ఆడమనిషికి దానివల్ల నష్టం లేదు. ఇరవై, ముప్పై ఫాలికల్స్ పెరిగి ఉంటే అవన్నీ ఒక్కసారి స్పందిస్తాయి. వాటి నుంచి వచ్చే రసాయనాల వల్ల రక్తనాళాలు కారడం మొదలుపెడతాయి. రక్తంలో ఉండాల్సిన నీరు కడుపులోకి, ఒక్కోసారి ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. రక్తం చిక్కబడి గడ్డకట్టే ప్రమాదం వస్తుంది. దీన్నే ఓహెచ్‌ఎస్‌ఎస్ అంటారు, అంటే అండాశయాలు అతిగా స్పందించడం. ముందు వేసే ఎఫ్‌ఎస్‌హెచ్ ఇంజెక్షన్లు ఫాలికల్స్‌ని పెంచి రంగం సిద్ధం చేస్తాయి. దాదాపు ఎప్పుడూ ఈ జబ్బు మొదలయ్యేది మాత్రం ట్రిగ్గర్ పడిన తర్వాతే. అంటే ఆ చివరి సూది దాకా వెనక్కి తగ్గే అవకాశం మన చేతుల్లో ఉంటుంది.

నా విషయంలో జరిగింది ఇదే. నాకు పీసీఓఎస్ (అండాశయాల్లో చిన్న ఫాలికల్స్ మామూలు కన్నా ఎక్కువగా ఉండే హార్మోన్ సమస్య) ఉంది, అండాల నిల్వని చూపే ఏఎమ్‌హెచ్ అనే హార్మోన్ ఎక్కువ, వయసు ముప్పై లోపు. అతిగా స్పందించే శరీరానికి ఇవన్నీ గుర్తులని నాకు తర్వాత తెలిసింది. చివరి స్కాన్‌లో లెక్కపెట్టలేనన్ని ఫాలికల్స్ కనిపిస్తే గదిలో ఉన్నవాళ్లంతా "రెస్పాన్స్ చాలా బాగుంది" అన్నారు. నేనూ సంబరపడ్డాను. పదివేల యూనిట్ల హెచ్‌సీజీ వేశారు. కాస్త ఉబ్బరం ఉంటుందని తప్ప ఇంకేమీ చెప్పలేదు. పికప్ అయిన మూడో రోజుకి నాలుగు కిలోలు పెరిగాను. గ్యాస్ అనుకున్నాను. నాలుగో రోజు మూత్రం బాగా తగ్గింది. ఆ రాత్రి పడుకుంటే ఊపిరి అందక కూర్చునే తెల్లవార్చాను. ఆసుపత్రిలో సూదితో కడుపులోంచి నీరు తీశారు, రక్తం గడ్డకట్టకుండా రోజూ ఇంకో సూది. ఎంబ్రియోలని (పిండాలని) ఫ్రీజ్ చేసి ఉంచమని అక్కడి డాక్టర్ అన్నప్పుడు నేను ఒప్పుకోలేదు, ఈ నెలే గర్భంలో పెట్టమని బతిమాలాను. ఆ నెల గర్భం వచ్చి ఉంటే ఆ గర్భమే సొంతంగా హెచ్‌సీజీ తయారుచేసి జబ్బుని వారాల తరబడి పొడిగించేదని నాకు అప్పుడు తెలియదు. ఆయన నా మాట వినకపోవడం నా అదృష్టం. ఏడాది తర్వాత ఆ ఫ్రీజ్ చేసిన ఎంబ్రియోతోనే మా పాప పుట్టింది.

కాబట్టి నేను ఈ హార్మోన్లకి శత్రువుని కాను. వీటి వెనకున్న కథ తెలిస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ముట్లుడిగిన స్త్రీల మూత్రంలో ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ ఎక్కువగా ఉంటాయి. 1949లో ఇటలీలో పియెరో దోనీని అనే శాస్త్రవేత్త దాంట్లోంచి వాటిని వేరుచేసే పద్ధతి కనిపెట్టాడు. తర్వాత బ్రూనో లునెన్‌ఫెల్డ్ అనే డాక్టర్ దాన్ని మందుగా మార్చే పని ముందుకు తెచ్చినప్పుడు, అంత మూత్రం ఎక్కడి నుంచి తేవాలన్నది సమస్య అయింది. ఇటలీలో మఠాల్లో ఉండే వయసు మళ్లిన సన్యాసినులు ఇచ్చారు. తాము ఏనాడూ బిడ్డని కనని ఆ తల్లులు ఇచ్చిన దానితో తయారైన మందు వాడి 1962లో ఇజ్రాయెల్‌లో మొదటి బిడ్డ పుట్టింది. ఇది నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో! కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ చేసిన, 1978లో బిడ్డ పుట్టిన ఐవీఎఫ్‌లోనూ ఇలాంటి ఇంజెక్షన్లే వాడి, ఎంబ్రియోని ఫ్రీజ్ చేసి, తర్వాతి నెలల్లో గర్భంలో పెట్టారు. అదే ఏడాది ఇంగ్లండులో పుట్టిన తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ హార్మోన్లు లేకుండా, సహజంగా పెరిగిన ఒకే అండంతో పుట్టింది. ఈనాడు ప్రపంచమంతా నడుస్తున్న దారి ముఖోపాధ్యాయ గారిది.

ఇదే చరిత్రలో చీకటి పేజీ కూడా ఉంది. ఒకప్పుడు కొన్ని దేశాల్లో చనిపోయినవారి పిట్యూటరీ గ్రంథుల నుంచి తీసిన హార్మోన్‌ని ఆడవాళ్లకి ఎక్కించారు. ఆస్ట్రేలియాలో అలా తీసుకున్న కొందరు స్త్రీలు ఏళ్ల తర్వాత క్రాయిట్స్‌ఫెల్ట్ యాకబ్ అనే నయంకాని మెదడు జబ్బుతో మరణించారు. 1985లో ఆ పద్ధతి ఆగిపోయింది. ఇప్పుడు వాడేవి మూత్రం నుంచి తీసి శుద్ధిచేసినవి, లేదా ప్రయోగశాలలో కణాల ద్వారా తయారైనవి. ఆ భయం ఇప్పుడు అక్కర్లేదు.

అక్కర్లేని భయాలు ఇంకొన్ని ఉన్నాయి. ఈ సూదులతో అండాలు త్వరగా అయిపోతాయని, ముందే ముట్లు ఆగిపోతాయని చాలామంది నమ్ముతారు. అలా జరగదు. ప్రతి నెలా కొన్ని ఫాలికల్స్ బయల్దేరతాయి, ఒకటి పెరుగుతుంది, మిగతావి ఎండిపోతాయి. ఎండిపోవాల్సిన వాటినే ఇంజెక్షన్లు కాపాడతాయి తప్ప, వచ్చే ఏళ్ల నిల్వని తోడవు.

కొందరు ఒకరి దగ్గర మిగిలిన ఇంజెక్షన్లు మరొకరికి ఇచ్చుకుంటున్నారని విన్నాను. మంచి మనసుతోనే ఇస్తారు, ఖరీదైన మందు కదా. దయచేసి అలా చేయకండి. ఫ్రిజ్‌లో సరిగ్గా ఉందో లేదో ఒక ప్రశ్న. అంతకన్నా పెద్ద విషయం డోసు. ఒకరికి రెండు ఫాలికల్స్ పెంచే డోసే ఇంకొకరికి పాతిక పెంచుతుంది. స్కాన్ లేకుండా ఈ సూది వేసుకోకూడదు, అంతే.

మళ్లీ ఆ అమ్మాయి విషయానికొస్తాను. ఆమెది ఐవీఎఫ్ కాదు, ఐయూఐ, అంటే శుద్ధిచేసిన వీర్యాన్ని నేరుగా గర్భాశయంలోకి పంపే పద్ధతి. ఐవీఎఫ్‌లో ఎక్కువ అండాలొస్తే బయటికి తీసి, ఒక్క ఎంబ్రియోనే లోపల పెట్టవచ్చు. హెచ్‌సీజీ బదులు, శరీరం సొంత ఎల్‌హెచ్‌ని వదిలేలా చేసే ల్యూప్రొలైడ్, ట్రిప్టొరెలిన్ లాంటి మందుతో ట్రిగ్గర్ ఇచ్చి, ఎంబ్రియోలన్నీ ఫ్రీజ్ చేస్తే తీవ్రమైన ఓహెచ్‌ఎస్‌ఎస్ చాలా అరుదైపోతుంది. ఈ మందు అందరికీ, అన్ని పద్ధతుల్లోనూ పనిచేయదు కాబట్టి సైకిల్ మొదలుపెట్టేటప్పుడే దాని గురించి అడగాలి. ఐయూఐలో ఆ వెసులుబాటు లేదు. ఆరు ఫాలికల్స్ పెరిగి ట్రిగ్గర్ వేస్తే ఆరు అండాలూ లోపలే విడుదలవ్వొచ్చు. ఎన్ని నిలుస్తాయో ఎవరి చేతుల్లోనూ ఉండదు.

"కవలలైతే మంచిదేగా అక్కా, ఒకేసారి పనైపోతుంది" అంది ఆమె. ఈ మాట నేను ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. ఇద్దరైతేనే తల్లికి బీపీ, షుగర్ వచ్చే అవకాశం పెరుగుతుంది, నెలలు నిండకుండా కాన్పయ్యే అవకాశం ఇంకా పెరుగుతుంది. ముగ్గురు, నలుగురైతే గర్భం నిలుపుకోవడమే కష్టం. ఏడో నెలలో పుట్టిన బిడ్డ ఇంక్యుబేటర్‌లో ఊపిరి కోసం పోరాడుతుంటే చూసిన తల్లి ఎవరూ ఆ మాట రెండోసారి అనరు. అండం పెరగడానికి ఇచ్చే క్లోమిఫిన్ మాత్రలతో వచ్చే గర్భాల్లోనే వందకి సుమారు ఎనిమిది కవలలు. ఇంజెక్షన్లతో అది ఇంకా ఎక్కువ. ఆ నెల భార్యాభర్తలు కలవకూడదని కూడా డాక్టర్ ఆమెకి చెప్పారు. ట్రిగ్గర్ వేయకపోయినా శరీరం తనంతట తానే అండాలు వదలొచ్చు. ఈ జాగ్రత్త చెప్పారంటే ఆయన ఎంత బాధ్యతగా ఆలోచించారో అర్థమవుతుంది.

అసలు ఆమెకి నేరుగా ఇంజెక్షన్లు అవసరమా అన్నది కూడా నాకు అనుమానమే. ఆమెకీ పీసీఓఎస్ ఉంది. 2014లో అమెరికాలో 750 మంది పీసీఓఎస్ స్త్రీల మీద జరిగిన అధ్యయనంలో అదే పనికి ఇచ్చే లెట్రోజోల్ మాత్రలు వాడినవారిలో 27.5 శాతం మందికి, క్లోమిఫిన్ వాడినవారిలో 19.1 శాతం మందికి బిడ్డలు పుట్టారు. నెలకి ఐదు రోజుల మాత్రలవి. అక్కడ మొదలుపెట్టాల్సినవాళ్లు తొందరలో సూదుల దగ్గరికి వెళ్లిపోతున్నారు. ఆ తొందర చాలాసార్లు మనదే. సెలవులు అయిపోతున్నాయని, వయసు మీద పడుతోందని, ఇంటి నుంచి ప్రతి ఫోన్‌లో "ఏమైనా విశేషమా" అని అడుగుతున్నారని డాక్టర్ల మీద ఒత్తిడి పెడతాం. ఆగమని చెప్పే డాక్టర్ చేతకానివాడిలా కనిపిస్తాడు.

"మీ ఆయన టెస్ట్ చేయించుకున్నారా?" అని అడిగితే ఆమె ఒక్క క్షణం ఆగింది. చేయించుకోలేదట. నాకు నిజంగా కోపం వచ్చిన చోటు ఇదే. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. వీర్యపరీక్ష నొప్పిలేనిది, సూది లేనిది. అది చేయకుండా భార్యకి పది రోజులు హార్మోన్లు ఎక్కించడం ఏ లెక్కన న్యాయం?

పైగా ఆయన జిమ్‌కి వెళ్తూ టెస్టోస్టెరాన్ వాడుతున్నారట. మగతనం పెంచే హార్మోన్ కదా, పిల్లలకీ మంచిదే అనుకుంటున్నారు. జరిగేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. బయటి నుంచి టెస్టోస్టెరాన్ అందితే పిట్యూటరీ తన పని మానేస్తుంది. వృషణాలకి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అందవు, వీర్యకణాల తయారీ ఆగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మగవారి గర్భనిరోధక మందుగానే పరీక్షించింది. 1990లో ప్రచురించిన ఆ ఫలితాల్లో వారం వారం ఇంజెక్షన్ తీసుకున్న 271 మందిలో 157 మందికి వీర్యకణాలు పూర్తిగా లేకుండా పోయాయి. మానేస్తే చాలామందికి నెలల్లో తిరిగొస్తాయి, కొందరికి ఏడాదికి పైగా పడుతుంది, అందరికీ పూర్తిగా రావు. ఇక్కడ మళ్లీ మన హెచ్‌సీజీయే పనికొస్తుంది. మగవారిలో అది ఎల్‌హెచ్ పని చేసి, వృషణాలు సొంతంగా టెస్టోస్టెరాన్ తయారుచేసుకునేలా చేస్తుంది. పుట్టుకతోనే పిట్యూటరీ హార్మోన్లు అందని మగవారికి హెచ్‌సీజీ, అవసరమైతే ఎఫ్‌ఎస్‌హెచ్ కలిపి ఇచ్చి తండ్రుల్ని చేస్తున్నారు. వీర్యకణం తయారవడానికే సుమారు 70 రోజులు పడుతుంది కాబట్టి ఆరు నెలలైనా ఓపిక పట్టాలి. ఇదంతా హార్మోన్ల డాక్టరో (ఎండోక్రైనాలజిస్ట్), మగవారి సంతాన సమస్యల డాక్టరో (ఆండ్రాలజిస్ట్) చూసి నడపాల్సిన పని. జిమ్‌లో పక్కనున్నవాడు చెబితే చేసేది కాదు.

హెచ్‌సీజీతో బరువు తగ్గుతారని చెప్పి అమ్మేవాళ్ల గురించి ఒక్క మాట. 1954లో ఆల్బర్ట్ సిమియన్స్ అనే డాక్టర్ మొదలుపెట్టిన పద్ధతి అది, రోజుకి 500 కేలరీల తిండి, పక్కన హెచ్‌సీజీ సూది. అంత తక్కువ తింటే ఎవరైనా తగ్గుతారు. ఊబకాయానికి ఈ మందు పనిచేయదని అమెరికాలో దాని లేబుల్ మీదే రాయాలని నిబంధన ఉంది.

ఆ అమ్మాయి డాక్టర్ని మార్చలేదు. భర్త టెస్టోస్టెరాన్ మానేసి పరీక్షకి వెళ్లారు. సంఖ్య తక్కువగా ఉందని, కొన్ని నెలలు ఆగి మళ్లీ చూద్దామని డాక్టర్ చెప్పారట. ఈలోగా ఆమెకి ఇంజెక్షన్లు లేవు. మొదలుపెట్టినప్పుడు ముందు లెట్రోజోల్‌తో ప్రయత్నిస్తారు. మొన్న ఫోన్ చేసి, ట్రిగ్గర్ వేసిన తర్వాత ఏమేం చూసుకోవాలో ఒక కాగితం మీద రాసుకుంటానంది. రోజుకి కిలో కన్నా ఎక్కువ బరువు పెరిగినా, మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా, పిక్క వాచి నొప్పి పెట్టినా, కడుపునొప్పి ఓర్చుకోలేనంతగా ఉన్నా, అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి ఫోన్ చేయాలని చెప్పాను. ఆ ఫోన్ నంబర్ ముందే అడిగి అదే కాగితం మీద పైన రాసుకోమన్నాను. రెండు వారాల దాకా ప్రెగ్నెన్సీ కిట్ ఇంట్లో పెట్టుకోవద్దని కూడా చెప్పాను. ట్రిగ్గర్‌లోని హెచ్‌సీజీ శరీరంలోంచి పోవడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పట్టొచ్చు. అంతకు ముందే చూస్తే లేని గర్భానికి రెండో గీత రావచ్చు. ఆ గీత నేను చూశాను. నాలుగు రోజుల తర్వాత అది మాయమైనప్పుడు నాతో మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు. ఏ పూటైనా సరే ఫోన్ చేయమని ఆమెకి చెప్పాను.