తిలకం పుల్ల అడుగుదాకా అందాలి కదా

మూతకే బ్రష్‌ను బిగించి, ఊడదీసి కడుక్కునేలా సౌందర్య సాధనాల సీసాలు రావాలన్న మీ వ్యాసం బాగుంది. కానీ కనురెప్పల వెంట్రుకలకు రంగు వేసే మస్కారా గొట్టం మెడలోని వలయం సంగతి వదిలేశారు. బ్రష్‌ను పైకి తీసేటప్పుడు ఎక్కువైన రంగును తుడిచేది అదే. బ్రష్ మారిస్తే ఆ వలయం కొలతా మారాలి, లేకపోతే వెంట్రుకల మీద ముద్దలే. 1950ల చివర్లో హెలెనా రూబిన్‌స్టైన్ అనే సౌందర్య సాధనాల సంస్థ తెచ్చిన మస్కారా-మ్యాటిక్‌లో ఉన్నది బ్రష్ కూడా కాదు, గాడులున్న లోహపు కడ్డీ! అంతకుముందు చాలామంది మస్కారా బిళ్లను తడిపి రుద్దుకునేవారు.

మా అమ్మ తిలకం సీసాలో మూతకు అతికిన పుల్ల అడుగుదాకా అందదు. మిగిలినదాన్ని అగ్గిపుల్లతో గీకి తీస్తుంది పాపం. ఇంకో మాట, కడిగిన బ్రష్‌ను తడి ఆరకుండా తిరిగి పెడితే నీటితోపాటు సూక్ష్మజీవులూ లోపలికి వెళతాయి. ఆ హెచ్చరికను సీసా మీదే అచ్చువేయాలి. పెట్టెలోని కాగితం ఎవరు చదువుతారు?