తాంబూలం నన్ను దాటి వెళ్లింది

డిసెంబరులో విశాఖపట్నంలో అమెరికాలోని మన తెలుగు సంఘం పెట్టిన సభ గురించి ఈ సంచికలో ఎలాగూ రాస్తారు. ఫొటోలు వేస్తారు, శాలువాలు కప్పించుకున్నవాళ్ల పేర్లు వేస్తారు, కంటి శిబిరం లెక్కలు, బడి పిల్లలకిచ్చిన సైకిళ్ల లెక్కలు వేస్తారు. వేయాలి కూడా. ఏడాది సెలవులన్నీ ఆ రెండు వారాలకే దాచుకుని, సొంత ఖర్చుతో విమానమెక్కి వచ్చి, పుట్టిన ఊరికి ఏదో ఒకటి చేసి వెళ్లేవాళ్లంటే నాకు గౌరవం. అదే సభలో ఇంకొకటి కూడా జరిగింది. అది ఫొటోల్లోకి రాదు కాబట్టి నేను రాస్తున్నాను.

నేను కథలు రాస్తాను. ట్రాన్స్‌ మహిళని. ఈ రెండిట్లో ఏది ముందు అన్న దగ్గరే నాకూ ఆ సభకీ తేడా వచ్చింది.

సంఘం పెట్టిన కథల పోటీలో నా కథకి ప్రోత్సాహక బహుమతి వచ్చింది. ఫిషింగ్ హార్బరు దగ్గర ఎండుచేపలు అమ్మే ముసలమ్మ, కొడుకు పడవ మీద చేసిన అప్పు, ఆ అప్పు తీర్చడానికి ఆమె పడే పాట్లు. అంతే కథ. అందులో ట్రాన్స్‌ మనిషి ఒక్కరూ లేరు. సాహిత్య సదస్సులో పది నిమిషాలు చదవమని ఆహ్వానంలో రాశారు. ఆ పది నిమిషాల కోసం ఇంట్లో గడియారం ఎదురుగా పెట్టుకుని చదువుకున్నాను. ఎక్కడ ఆగాలో పెన్సిలుతో గీతలు పెట్టుకున్నాను. రేవు యాస తప్పుగా పలికితే పరువు పోతుందని చేపలమ్మే ఒకావిడని కూర్చోబెట్టి కొన్ని మాటలు అనిపించుకుని మరీ సరిచూసుకున్నాను. తీరా స్టేజీ ఎక్కాక, కార్యక్రమం నడిపిస్తున్నావిడ నా పక్కకొచ్చి మెల్లిగా, "కథ వద్దు లెండి, టైం అయిపోతోంది. మీ లైఫ్ గురించి రెండు ముక్కలు చెప్పండి, చాలామంది ఇన్‌స్పైర్ అవుతారు" అన్నారు.

నా ముందు ఇద్దరు కథలు చదివారు. వాళ్లలో ఒకాయన బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ఆయన కథలో సరిహద్దులో కాపలా కాసే జవాను ఉన్నాడు. మీరెప్పుడైనా సైన్యంలో ఉన్నారా, ఆ కష్టాలు చెప్పండి అని ఆయన్ని ఎవరూ అడగలేదు. అడగకూడదు కూడా. ఊహించి రాయడమే కదా కథకుల పని. ఆ ఊహ నాకు ఉండదని ఎందుకు అనుకున్నారు?

మైకు ముందు నాలుగు మాటలు చెప్పి దిగిపోయాను. చప్పట్లు గట్టిగానే కొట్టారు. నా కథ చదివితే అన్ని చప్పట్లు వచ్చేవి కావేమో. బాగాలేదని కూడా అనేవారేమో. అననివ్వండి. ముగింపు తేలిపోయింది, మధ్యలో సాగదీశావు, ముసలమ్మ నోట పెట్టిన మాట అతకలేదు అని నలుగురు కథకులు నన్ను నిలదీయాలని నేను ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్నాను. నన్ను చూసి జాలిపడేవాళ్లు దొరుకుతున్నారు గానీ నా వాక్యాన్ని తప్పుపట్టేవాళ్లు దొరకడం లేదు.

తెలుగులో మా బతుకుల గురించి ఎక్కువమందికి తెలిసిన పుస్తకం రేవతి గారి జీవిత కథ. పి. సత్యవతి గారు దాన్ని 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగులోకి తెచ్చారు. 2019లో ఆ అనువాదానికి సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అది చదివి ఏడ్చిన రాత్రే నేనూ రాయగలననుకున్నాను, ఆ ఇద్దరికీ రుణపడి ఉన్నాను. కానీ ఇప్పుడు మా దగ్గర్నుంచి అందరూ అడిగేది అదొక్కటే అయిపోయింది. నీకెప్పుడు తెలిసింది, ఇంట్లో కొట్టారా, ఆపరేషనయిందా, ఇప్పుడు ఎవరితో ఉంటున్నావు. ముసలమ్మ అప్పు తీరిందా అని ఎవరైనా అడిగితే ఎంత బాగుండేది.

సరే, అది సాహిత్యం గొడవ. అసలు గుచ్చుకున్నది ఆ తర్వాత.

మార్గశిర మాసం కదా, సభ చివర్లో మహిళా విభాగం వాళ్లు వచ్చిన ఆడవాళ్లందరికీ బొట్టు పెట్టి, గంధం రాసి, తాంబూలాలు ఇచ్చారు. తమలపాకులు, వక్క, రెండు అరటిపళ్లు, పసుపు కుంకుమ పొట్లాలు, జాకెట్టు ముక్క, అన్నీ కలిపి పసుపురంగు సంచిలో పెట్టి ఉంచారు. నేను పొందూరు నేత చీర కట్టుకుని మూడో వరసలో కూర్చున్నాను. ఎడమపక్కావిడకి పెట్టారు. పళ్లెం పట్టుకున్న అమ్మాయి నా ఎదురుగా వచ్చి భరిణెలో వేలు ముంచింది. నా మొహంలోకి చూసింది. తల తిప్పి, వెనక సంచులు పట్టుకున్న పెద్దావిడ వైపు చూసింది. ఆవిడ కళ్లతోనే ఏదో చెప్పారు. ఆ అమ్మాయి వేలి చివర కుంకుమ అలాగే ఉంది. ఆ వేలితోనే నా కుడిపక్కావిడకి బొట్టు పెట్టి ముందుకెళ్లిపోయింది. పాపం, ఆ పిల్ల చెయ్యి వణికింది. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు.

కిందికి దిగుతుంటే లిఫ్టు దగ్గర ఒక పెద్దాయన నా కోసమే నిలబడి ఉన్నారు. "అమ్మా, మనవడు పుట్టాడు. మీ చేత్తో ఒక రూపాయి బిళ్ల ఇచ్చి దీవిస్తే అమెరికా పట్టుకెళ్లి వాడి తలగడ కింద పెడతాం" అని మడత పెట్టిన డాలర్ల నోటు నా చేతిలో పెట్టారు. నోటు తిరిగిచ్చేశాను. రూపాయి మాత్రం పర్సులో వెతికి ఇచ్చాను. వందేళ్లు బతకాలని దీవించాను కూడా. పసివాడి పేరు చెప్పి అడిగితే కాదనే గుండె నాకు లేదు.

ఆ పెద్దాయన్నీ, పైన సంచులు పట్టుకున్న పెద్దావిడనీ నేను అడుగుతున్నది ఒక్కటే. నా చెయ్యి మీ మనవడికి శుభమైనప్పుడు, నా నుదురు మీ కుంకుమకి ఎందుకు పనికిరాలేదు? ఇద్దరూ ఒకే సభకి వచ్చినవాళ్లు, బహుశా ఒకే ఊరివాళ్లు, ఒకే పంచాంగం చూసి నడిచేవాళ్లు. మా గురువుల కాలంలో పుట్టినింట్లో, పెళ్లింట్లో బధాయి, అంటే దీవెనకిచ్చే కానుక, అడిగి దీవించడం ఒక బతుకుతెరువు. ఆ నమ్మకం మీద మావాళ్లు ఎందరో కడుపు నింపుకున్నారు, ఇప్పటికీ నింపుకుంటున్నారు. దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ ఏడాదికోసారి దీవించడానికి పనికొచ్చి, మిగతా రోజుల్లో గుమ్మం బయట నిలబడటం ఎవరికైనా బతుకవుతుందా?

నా బతుకుతెరువు వేరు. కంచరపాలెంలో ఒక ప్రెస్సులో డీటీపీ చేస్తాను. పెళ్లిళ్ల రోజుల్లో పొద్దుట కూర్చుంటే రాత్రి దాకా పేజ్‌మేకర్లో అను ఫాంట్లతో శుభలేఖలే. వధువు పేరు ముందు 'చి.ల.సౌ.' పెట్టాలి, ముహూర్తం రెండుసార్లు సరిచూడాలి, మేనమామల పేర్లు ఒకటి తప్పినా పెళ్లిలో గొడవైపోతుంది. చివర్లో ప్రతి కార్డులోనూ "మదర్పిత చందన తాంబూలాది సత్కారములు స్వీకరించి" అన్న వాక్యం. చూడకుండా కొట్టేస్తాను, వేళ్లకి అంత అలవాటు. సభ మర్నాడు ఆ వాక్యం దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. లేచి బయటికెళ్లి టీ తాగి వచ్చి పూర్తిచేశాను. ఆ కార్డు ఆ సాయంత్రమే అచ్చుకి వెళ్లాలి.

మా ఊరివాళ్లంతా దేవుళ్లని నేను చెప్పను. ఇల్లు అద్దెకి అడిగితే "మాకేం ఇబ్బంది లేదమ్మా, పక్క పోర్షన్లో ఫ్యామిలీ ఉన్నారు" అంటారు. పక్క పోర్షన్ వాళ్లని అడిగితే ఓనరుకి ఇష్టం లేదంటారు. కలెక్టరు సంతకంతో ఉన్న గుర్తింపు పత్రం, పేరు మారిన ఆధార్ కార్డు తీసి చూపించినా గేటు దాటనివ్వని ఇళ్లున్నాయి. ఆర్కే బీచ్‌లో సాయంత్రం ఒంటరిగా కూర్చుంటే కుర్రాళ్ల గుంపు ఏమంటుందో ఇక్కడ రాయలేను.

అయినా ఇదే ఊళ్లో ఒక స్టీలు ప్లాంటు కార్మికుడి తల్లి, మనవరాలి పెళ్లి కార్డులు తీసుకెళ్లడానికి వచ్చి, కట్ట విప్పి మొదటి కార్డు నా చేతిలోనే పెట్టింది. "నువ్వు కొట్టిన కార్డే కదేటి, నువ్వు రాకపోతే ఎలగమ్మా" అంది. వెళ్లాను. బంతిలో అందరి మధ్యా కూర్చుని తిన్నాను. వచ్చేటప్పుడు ఆ ముసలావిడ నుదుట బొట్టు పెట్టి, జాకెట్టు ముక్క ఒళ్లో వేసింది. ఎవరి మొహం వైపూ చూడలేదు, ఎవరి అనుమతీ అడగలేదు.

సభ తర్వాతి గురువారం బురుజుపేట కనకమహాలక్ష్మి దగ్గరికి వెళ్లాను. మన వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు, మార్గశిర గురువారాల్లో అక్కడ రద్దీ ఎలా ఉంటుందో. అమ్మవారికి పైన కప్పు లేదు, ఆరుబయటే ఉంటుంది. ఎవరికి వాళ్లే తాకి, పాలు పోసి, పసుపు కుంకుమ పెట్టుకోవచ్చు. క్యూలో నా వెనకున్నావిడ "పసుపు తెచ్చావా? లేకపోతే నాది తీసుకో" అంది. నా చేత్తో నేను అమ్మవారికి బొట్టు పెట్టి వచ్చాను. అమ్మవారికి పెట్టిన చెయ్యి ఇది.

సభ రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒకాయన, రత్నాచల్ రైల్లో మావాళ్లు చేతులు చరిచి డబ్బులు లాక్కున్నారని నాతో ఫిర్యాదు చేశారు. భయపెట్టి లాక్కోవడం తప్పే. ఎవరు చేసినా తప్పే. కానీ ఆయనకి ఇక్కడ పెద్ద కంపెనీ ఉంది. అందులో మావాళ్లు ఒక్కరైనా ఉన్నారా అని అడిగితే వడ్డించేవాళ్ల వైపు తిరిగి పెరుగు అడిగారు.

చట్టం సంగతి మీకు తెలియంది కాదు. సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న, ఎవరి జెండర్ వాళ్లు చెప్పుకునే హక్కు ఉందని తీర్పిచ్చింది. 2019లో పార్లమెంటు చట్టం చేసింది. 2025 జూన్‌లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పిల్లల్ని కనలేదన్న కారణంతో ట్రాన్స్‌ మహిళని మహిళ కాదనడానికి వీల్లేదని, అత్తింటి వేధింపుల మీద 498ఏ కింద ఫిర్యాదు చేసే అర్హత ఆమెకి ఉందని చెప్పింది. ఎన్టీఆర్ భరోసా కింద మావాళ్లకి నెలకి 4000 రూపాయల పింఛను ఉంది. నా స్నేహితురాలికి సచివాలయం ఉద్యోగి ఇంటికొచ్చి పేరుపెట్టి పిలిచి ఇస్తుంది. కోర్టు చెప్పింది కాబట్టి నాకు బొట్టు పెట్టమని నేను అడగను. బొట్టు కోర్టులు ఇప్పించేది కాదు. అది ఆ పెద్దావిడ మనసులోంచే రావాలి.

సభ రోజు ముందు వరసలో కూర్చున్న ఒకమ్మాయి, అమెరికాలో తన ఆఫీసులో ట్రాన్స్‌ మేనేజరు ఉందని, జూన్ నెలలో అందరూ రంగుల జెండా బ్యాడ్జీలు పెట్టుకుంటారని సంతోషంగా చెప్పింది. నిజమే చెప్పింది. అక్కడి చట్టాలకీ, అక్కడి మర్యాదకీ మీరు అంత తొందరగా అలవాటుపడ్డారు. తెలుగు సభ దగ్గరికొచ్చేసరికి మాత్రం, మీరు విమానమెక్కిన నాటి ఊరినే కదలకుండా దాచుకున్నారు. ఆ ఊరు ఇక్కడ అలాగే ఉండిపోలేదండీ. కార్డు ఇచ్చిన ముసలావిడ మీ అమ్మమ్మల ఈడుదే.

సభ అయ్యాక కొన్నాళ్లకి నాకు వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. మన సంఘం సభ్యురాలే. ఏ రాష్ట్రమో చెప్పను. ఆ రోజు హాల్లో నా వెనక వరసలో కూర్చున్నారట. ఆవిడ బిడ్డని ఆడపిల్లగా పెంచారు. ఊహ తెలిసి, తను అబ్బాయినని చెప్పాడు. బడిలో టీచర్లు, స్నేహితులు కొత్త పేరుతోనే పిలుస్తున్నారు. తెలుగు సంఘానికి మాత్రం రావడం మానేశాడు. చిన్నప్పుడు అదే సంఘం సంక్రాంతి సంబరాల్లో వాడికి భోగిపళ్లు పోశారు. అక్కడి తెలుగు బడిలోనే వేమన పద్యాలు నేర్చుకుని బహుమతులు తెచ్చుకున్నాడు. ఇప్పుడు పండగంటే గది తలుపు వేసుకుంటున్నాడు. "మిమ్మల్ని దాటి పళ్లెం వెళ్లిపోవడం చూశాను. మావాణ్ణి ఎలా తీసుకురాను?" అని రాశారు ఆ తల్లి.

నా సంగతి నేను చూసుకోగలను. నాకు కనకమహాలక్ష్మి ఉంది, కంచరపాలెం ఉంది, రాసుకోవడానికి కథలున్నాయి. ఆ కుర్రాడికి అక్కడ తెలుగంటే మీరే. మీరు దాటి వెళ్లిపోతే వాడు వేమనని కూడా వదిలేస్తాడు.

కార్యవర్గంలో ఉన్న అక్కలకీ అన్నలకీ చేతులు జోడించి అడుగుతున్నాను. ఉగాది వేడుకలకి ఇంకా వ్యవధి ఉంది. ఏ పిల్లలు రావడం మానేశారో మీ తెలుగు బడి టీచర్లకి తెలుసు. ఫోన్లు చేసి, మెసేజ్‌లు పెట్టి ఊరుకోకండి, ఆ ఇళ్లకి వెళ్లండి. తల్లికి బొట్టు పెట్టి పిలవండి. పిల్లవాణ్ణి వాడు చెప్పుకున్న పేరుతో పిలవండి. పద్యం చదువుతాడో, నాటకంలో వేషం వేస్తాడో, ఉత్తినే వచ్చి పులిహోర తిని వెళ్తాడో వాడిష్టం. రమ్మని మాత్రం మీరే వెళ్లి పిలవాలి.